నీళ్లకు కాపలా కాసిన మనిషి



మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో నీళ్లు తోడుకునే చోటునూ బాయి అంటాం, బొగ్గు తవ్వే చోటునూ బాయి అనే అంటాం. నాన్న ఎక్కడున్నాడని పిల్లవాణ్ణి అడిగితే బాయికి పోయిండని చెబుతాడు. కొత్తగా వచ్చినవారు చేదబావి దగ్గరికి పోయి వెతుకుతారు. మనకు మాత్రం తెలుసు, వాళ్ల నాన్న మొదటి షిఫ్టులో ఉన్నాడని.

ఈ రెండు బాయిల మధ్య పేరు ఒక్కటే కాదు, ఇంకో సంబంధం కూడా ఉంది. బొగ్గు బాయిలో పని నడవాలంటే లోపల ఊరే నీటిని రాత్రింబవళ్లు పైకి తోడుతూ ఉండాలి. గని లోతుకు పోయే కొద్దీ, ఓపెన్ కాస్ట్ గుంత వెడల్పయ్యే కొద్దీ చుట్టుపక్కల భూమిలో నీటి మట్టం కిందికి జారుతుంది. పల్లెలో తాతల నాటి నీళ్ల బాయి అడుగంటుతుంది. ఒక బాయి మన ఇళ్లలో పొయ్యి వెలిగించింది. దాని పక్కనే ఇంకో బాయి ఎండింది. ఈ మాట ఎవరినో నిందించడానికి రాయడం లేదు. ఆ జీతంతోనే మనం పిల్లలను చదివించుకున్నాం, మందిరాలు కట్టుకున్నాం. అందుకే ఈ సంగతి మనది.

ఎండలు ముదిరితే మన సంఘాలు ఊరుకోవు. మందిరం గేటు ముందు చలివేంద్రం పెడతాం. స్త్రీల సమాజం కానుక పోగు చేస్తుంది. కొన్ని సంఘాలు ఇంకో అడుగు ముందుకు వేసి మారుమూల పల్లెల్లో బోర్లు వేయిస్తాయి. అలా వేయించిన ఒక బోరును చూడడానికి ఈ మధ్య మేము వెళ్లాం. ఊరి పేరు, సంఘం పేరు రాయడం లేదు. నల్లరాతి ఫలకం చెక్కు చెదరకుండా మెరుస్తోంది. చేతి పంపుకు మాత్రం హ్యాండిల్ లేదు. సిమెంటు దిమ్మె మీద రెండు మేకపిల్లలు పడుకుని ఉన్నాయి. బోరు వేసి మూడేళ్లయింది, పంపు ఆడింది ఒక్క ఏడాదేనట. ఊళ్లో ఒక పెద్దమ్మ మమ్మల్ని వాగు దాకా తీసుకుపోయి, ఇసుకలో తవ్వుకున్న చెలిమను చూపించింది. చిప్పతో నీళ్లు తోడి ముందు మాకే ఇచ్చింది. ఆ నీళ్లు తాగుతుంటే సిగ్గుతో మా తల వంగింది. మనం వెళ్లింది వాళ్లకు నీళ్లిచ్చామని చూసుకోవడానికి. తీరా వాళ్లే మనకు నీళ్లిచ్చారు.

తిరిగి వస్తూ గోదావరి వంతెన దాటుతున్నప్పుడు ఒక మనిషి మనసులో మెదిలారు. ఈ నదిని నమ్ముకుని, ఈ నది కోసం ప్రభుత్వాలతో పోరాడి, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూసిన సర్ ఆర్థర్ కాటన్. ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. అయితే మనలో చాలామంది ఆయనను ఆనకట్ట కట్టిన దొరగా ఎరుగుదురు. నీళ్లు ఇవ్వడం అనే పరిచర్య ఎలా చేయాలో నేర్పే మనిషిగా ఆయనను చదివినవారు తక్కువ. ఈ వారం ఆ జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండు మంది కుమారుల్లో ఆర్థర్ పదోవారు. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం దొరికింది. 1821లో, పద్దెనిమిదేళ్లు నిండి ఎంతో కాలం కాకముందే ఓడ దిగి మద్రాసు వచ్చారు. తరువాత బర్మా యుద్ధానికి పంపారు. యుద్ధాన్ని, రోగాన్ని, మరణాన్ని దగ్గరగా చూశారు. యౌవనంలోనే ఆయన క్రీస్తునందు దృఢమైన విశ్వాసి అయ్యారు. ఆ విశ్వాసం చివరి శ్వాస దాకా నిలిచింది. అయితే ఆయన ప్రసంగ వేదిక ఎక్కినవారు కారు. కొలబద్ద, నక్షా, లెక్కల పుస్తకం పట్టుకుని ఎండలో తిరిగినవారు.

1828లో కావేరి నది కాలువల బాధ్యత ఆయన చేతికి వచ్చింది. అప్పటికి తంజావూరు సీమ కష్టంలో ఉంది. కావేరిలోకి రావలసిన నీరు కొల్లిడం పాయలోకి మళ్లిపోతోంది. పొలాలు బీళ్లవుతున్నాయి. ఏం చేయాలి? లోతెంతో తెలియని ఇసుక మీద రాతి కట్టడం నిలబెట్టడం ఎలా? ఆనాటి ఆంగ్ల ఇంజనీర్ల చదువులో దీనికి సరైన జవాబు లేదు. గట్టి రాయి తగిలే దాకా తవ్వి పునాది వేయాలన్నదే వారు నేర్చిన పాఠం.

కాటన్ జవాబును వెతికిన చోటు గమనించదగినది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై అనే పాత ఆనకట్ట అక్కడే ఉంది. వందల ఏళ్లుగా వరదలను కాచుకుని నిలిచింది. కాటన్ దాన్ని తక్కువగా చూడలేదు. విద్యార్థిలా దాని దగ్గరికి వెళ్లారు. ఎవరు ఎలా కట్టారో, రాళ్లు ఇసుకలోకి దిగి దిగి చివరికి ఎలా కుదురుకున్నాయో పరిశీలించారు. ఈ దేశపు బావులు తవ్వేవారి నేర్పు ఆయన పనికి అక్కరకొచ్చింది. ఇసుక నేలలో ఇటుకలతో గుండ్రని ఒర కట్టి, లోపలి ఇసుక తోడుతూ ఉంటే ఆ ఒర తన బరువుతో తానే కిందికి దిగుతుంది. అలా దింపిన బావుల వరుసను గట్టిగా నింపితే అదే పునాది అవుతుంది. 1836 నుంచి 1838 లోపల కొల్లిడం మీద ఆయన కట్టించిన ఆనకట్టలు ఇలాంటి నేర్పు మీదే నిలిచాయి. బావులు తవ్వే కూలీల తరతరాల విద్య ఒక సీమను కాపాడింది. ఆ విద్యను గుర్తించి తలవంచిన దొర ఉన్నాడు గనుక అది సాధ్యమైంది.

ఇస్సాకు గెరారు లోయలో చేసిన పని మీకు గుర్తుండే ఉంటుంది. తన తండ్రి కాలంలో తవ్వి, తరువాత శత్రువులు మట్టితో పూడ్చిన బావులను అతడు మళ్లీ తవ్వించాడు. తండ్రి పెట్టిన పేర్లే వాటికి పెట్టాడు. కొత్త బావికి తన పేరు పెట్టుకోవాలనే ఆశ ముందు పుట్టలేదు. ముందువారు ఎక్కడ నీళ్లు కనుగొన్నారో అక్కడికే వెళ్లాడు. కాటన్ జీవితంలో మేము చూసే మొదటి పాఠం ఇదే.

ఈ శ్రమలో ఆయన ఆరోగ్యం చెడింది. సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్లారు. 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో సముద్రం కోతను ఆపడానికి రాతి కట్టలు వేయించారు. అక్కడి నుంచి గోదావరి వైపు పిలుపు వచ్చింది.

గోదావరి డెల్టా అంటే ఇవాళ మన కళ్ల ముందు పచ్చని వరి చేలు, కొబ్బరి తోటలు కనిపిస్తాయి. ఆనాటి డెల్టా వేరు. నది నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే గట్టు మీద జనం ఆకలితో చచ్చేవారు. వానలు ఎక్కువైతే వరద, తక్కువైతే కరువు. 1832, 1833 సంవత్సరాల్లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో లక్షలాది మంది ప్రాణాలు పోయాయి. రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారు. చచ్చినవారు కొందరు, ఊళ్లు వదిలి వలస పోయినవారు కొందరు.

కాటన్ ఆ సీమను గుర్రం మీద, కాలినడకన తిరిగి చూశారు. నేల వాలు కొలిచారు. నది ఎక్కడ విడిపోతుందో, వరద ఎంత ఎత్తుకు వస్తుందో, రాయి ఎక్కడ దొరుకుతుందో రాసుకున్నారు. 1844లోను, 1845లోను ప్రభుత్వానికి నివేదికలు పంపారు. కంపెనీ దొరలు దయాధర్మాల మాట వింటే కదలరని ఆయనకు తెలుసు. కాబట్టి వాళ్ల భాషలోనే, అంటే శిస్తు లెక్కల్లోనే, వాళ్లకు చెప్పారు. పొలం పండితే ఖజానా నిండుతుందని అంకెలతో చూపించారు. జనం బతకాలన్న భారం ఆయన గుండెలో ఉంది, దొరలను ఒప్పించే లెక్క చేతిలో ఉంది. పరిచర్యకు ఈ రెండూ కావాలి. భారం ఒక్కటే ఉంటే కన్నీళ్లు మిగులుతాయి. లెక్క ఒక్కటే ఉంటే ఫలకం మిగులుతుంది.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. అక్కడ గోదావరి లంకల మధ్య చీలి పారుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు చోట్ల నాలుగు కట్టడాలు కట్టాలి. అన్నీ కలిపి రెండు మైళ్లకు పైగా రాతి కట్టు. అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. అనుభవం లేని కుర్రవాళ్లను ఇస్తే వారికే పని నేర్పించుకున్నారు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తవ్వి, పట్టాల మీద నడిచే బండ్లలో నది దాకా తెచ్చారు. మన దేశంలో ప్రయాణికుల రైలు పుట్టక ముందే ఒక కొండ రాయి ఇలా పట్టాల మీద నడిచింది. వేలాది మంది కూలీలు ఆ పనిలో ఉన్నారు. వరదలు కట్టిన కట్టును కోసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. మళ్లీ కట్టారు.

ఆ వేలాది మందిని కూడగట్టి, సరుకు సమకూర్చి, పని ఆగకుండా నడిపించిన తెలుగువారు వీణెం వీరన్న. కాటన్‌కు కుడి భుజంగా నిలిచారు. తరువాత రాయ్ బహదూర్ బిరుదు పొందారు. రాళ్లు మోసిన మనుషుల్లో మాత్రం ఎంతమంది పేర్లు మనకు తెలుసు? వారి పేర్లు ఏ రాతి మీదా లేవు. దేవుని గ్రంథంలో ఉంటాయని మన నమ్మకం.

పని మధ్యలో కాటన్ ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని సెలవు మీద వెళ్లవలసి వచ్చింది. ఆ కాలంలో ఓర్ అనే అధికారి పని చూశారు. కాటన్ లేకపోయినా పని ఆగలేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మన సంఘాల్లో ఎన్ని మంచి పనులు ఒక్క మనిషి బదిలీ కాగానే, రిటైరు కాగానే ఆగిపోయాయో లెక్కపెట్టుకుంటే ఇదెంత పెద్ద విషయమో తెలుస్తుంది. 1852లో ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర నది పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు 49 ఆర్చీలతో కట్టారు. తరువాత ఓర్ కృష్ణా నది మీద బెజవాడ ఆనకట్ట కట్టారు. కాటన్ కట్టింది రాళ్లనే కాదు, తన తరువాత పని మోయగల మనుషులను కూడా.

నీళ్లు పొలాలకు వెళ్లాయి. ఊరూరా చెరువులు కాలువ నీటితో నిండాయి. ఎండాకాలంలో కూడా ఆడవాళ్లు కడవ నింపుకునే రోజు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని మహా కరువు కాల్చింది. లక్షలాది మంది చనిపోయారు. ఆ రోజుల్లో గోదావరి డెల్టా తాను బతికి, ఇతర సీమలకు ధాన్యం పంపింది. నలభై ఏళ్ల క్రితం ఆకలితో వలస పోయిన సీమ అది.

ఇంతవరకే రాసి ఆపితే ఈ కథ మన కోసం రాసినట్టు ఉండదు. ఇది చదివే మీలో కొందరి మనసులో ఒక ప్రశ్న లేచి ఉంటుంది. కాటన్ కింది గోదావరికి నీళ్లిచ్చారు సరే, పైన ఉన్న మనకేమిచ్చారు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని దాటవేయడం మాకు ఇష్టం లేదు.

కాటన్ కలలో మన వైపు గోదావరి కూడా ఉంది. రాజమండ్రి నుంచి ఎగువకు, భద్రాచలం దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే చోటు మీదుగా వార్ధా సీమ దాకా పడవలు నడవాలని ఆయన తలచారు. నదిలో అడ్డుగా ఉన్న రాతి గుట్టల పక్కన కాలువలు, లాకులు కట్టే పని మొదలైంది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది. గన్నవరంలో ఆర్చీలు కట్టిన ఆ హేగ్‌ దొరే ఇక్కడ పని చూశారు. 1860లో కోయల మధ్య సువార్త పరిచర్య దుమ్ముగూడెంలో మొదలవడానికి కూడా ఆయన భారమే కారణం. కానీ పని అనుకున్నట్టు సాగలేదు. జ్వరాలు, అడవి, రాయి, ఖర్చు అన్నీ కలిసి ఎదురు తిరిగాయి. చివరికి 1871లో ప్రభుత్వం ఆ పనిని మూసివేసింది.

అదే 1871లో ఇంకో సంగతి జరిగింది. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నారు. మన సింగరేణి కథ అక్కడ మొదలైంది. ఎగువ గోదావరి మీద నీటి కల మూతపడిన ఏడాదిలోనే బొగ్గు తలుపు తెరుచుకుంది. అక్కడి నుంచి మన సీమ నీళ్ల బాయి వైపు కాకుండా బొగ్గు బాయి వైపు నడిచింది. ఆ తరువాత తొంభై ఏళ్లకు ఆ దారి గోదావరిఖనికి చేరింది.

కాటన్ పనికి ఇంకో హద్దు కూడా ఉంది. ఆయన కాలువ ఊరి దాకా వచ్చింది. ఊళ్లోని బావి చుట్టూ ఉన్న కనిపించని గోడను కూల్చలేదు. పల్లె బయట ఉంచిన మన తాతముత్తాతలు బావి గట్టు ఎక్కడానికి వీలులేక, ఎవరైనా దయతలచి కడవలో పోస్తారని ఎండలో నిలబడిన రోజులు మనలో చాలామంది ఇళ్లలో ఇంకా చెప్పుకునే కథలే. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చెరువు నీళ్లు తాగడానికే వేలాది మందిని వెంటబెట్టుకుని నడవవలసి వచ్చింది. నీళ్లుండడం ఒకటి, వాటి మీద అందరికీ హక్కుండడం ఇంకొకటి. యాకోబు బావి దగ్గర మన ప్రభువు సమరయ స్త్రీని నీళ్లడిగి, ఆమె కడవలోని నీళ్లు తాగడానికి సిద్ధపడినప్పుడు ఆ గోడనే తాకాడు. మనం బోరు వేయించేటప్పుడు అది ఎవరి వాకిట్లో పడుతోంది, ఎవరు అక్కడికి జంకు లేకుండా రాగలరు అని అడగకపోతే ఆయన అడుగుజాడలో నడిచినవాళ్లం కాము.

కాటన్ 1860లో ఉద్యోగం విడిచారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. బిరుదు తీసుకుని సుఖంగా కూర్చోలేదు. రైళ్ల మీద పెట్టే డబ్బులో కొంత కాలువల మీద పెట్టమని ఏళ్ల తరబడి వాదించారు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు కడప కాలువ లాభం తేలేదు. అది ఆయన మీద పెద్ద మచ్చగా పడింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు నిలబడి కఠినమైన ప్రశ్నలు ఎదుర్కొన్నారు. ఆశ ఎక్కువ, లెక్క తక్కువ అని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అన్ని నదులూ గోదావరి కావు, అన్ని నేలలూ డెల్టా కావు. ఫ్లారెన్స్ నైటింగేల్ వంటివారు మాత్రం ఆయన పక్షాన నిలిచారు. రోగుల మంచాలను ఎరిగిన ఆమెకు, రోగం రాకముందే నీళ్లు ఇవ్వాలన్న ఆయన మాట అర్థమైంది.

చివరి ఏళ్లు డోర్కింగ్ అనే ఊళ్లో గడిపారు. ముసలితనంలో కూడా తోటలో మట్టిని లోతుగా దున్ని ఎకరానికి ఎంత గోధుమ పండించవచ్చో పరీక్షలు చేస్తూ ఉండేవారు. 1899 జులై 24న ప్రభువు సన్నిధికి వెళ్లారు. కుమార్తె లేడీ హోప్ మరుసటి ఏడు ఆయన జీవితాన్ని పుస్తకంగా తెచ్చారు.

ఆయన ఆనకట్ట ఆయన తరువాత ఎంత కాలం నిలిచింది? వంద ఏళ్లకు పైగా. 1970ల్లో కొత్త బ్యారేజీ పని మొదలై 1980ల మొదట్లో పూర్తయ్యే దాకా ఆ పాత రాతి కట్టే డెల్టాను మోసింది. ఎలా నిలిచింది? కాటన్ గట్టిగా కట్టారు కాబట్టి అని మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, జారిన రాయిని మళ్లీ పేర్చి, తలుపులకు నూనె పెట్టి, ఆ తరువాతే నీళ్లు వదిలే అలవాటు అక్కడ ఉంది. లష్కర్లు రాత్రిపూట లాంతరు పట్టుకుని గట్ల మీద నడిచారు. కట్టినవాడు ఒక్కడు, కాపలా కాసినవారు వేలు. నీళ్లివ్వడం ప్రారంభోత్సవంతో అయిపోయే పని కాదని ఆ కట్ట వంద ఏళ్లు చెబుతూ వచ్చింది.

మన పల్లె బోర్ల విషయంలో కూడా ఈ దేశం ఇదే పాఠం నేర్చుకుంది. 1970ల నడుమ పరిశీలించినప్పుడు, ఎంతో ఖర్చుతో వేయించిన చేతి పంపుల్లో ఎక్కువ భాగం మూలపడి ఉన్నాయని తేలింది. ఇంట్లో ఒక కుటుంబం వాడే పోత ఇనుము పంపును ఊరంతటికీ పెట్టడం ఒక కారణం, బాగుచేసే మనిషి లేకపోవడం ఇంకో కారణం. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తయారైన గట్టి పంపును ఆధారం చేసుకుని, యునిసెఫ్ తోడ్పాటుతో ఇండియా మార్క్ 2 అనే పంపు వచ్చింది. ఇవాళ మన పల్లెల్లో కనిపించేది చాలావరకు అదే. ఆ పంపు కూడా వాషరు అరిగితే ఆగుతుంది. వాషరు ఖరీదు తక్కువే. దాన్ని మార్చే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియకపోవడమే అసలు ఖరీదు.

కాబట్టి మన సంఘ పెద్దల ముందు, యౌవనస్థుల ముందు, స్త్రీల సమాజాల ముందు కొన్ని మాటలు ఉంచుతున్నాం. ఈసారి బోరుకు కానుక పట్టే ముందు ఆ పల్లెకు ఒకటికి రెండుసార్లు వెళ్దాం. వర్షాకాలంలో కాదు, మే నెలలో వెళ్దాం. పాత చేదబావి ఉందేమో అడుగుదాం. ఉంటే దాని పూడిక తీయించి, ఒర బాగుచేసి, పైన జాలీ వేయించడం కొత్త బోరు కన్నా మేలు కావచ్చు. ఎక్కడ నీళ్లు పడతాయో ఊళ్లో పెద్దవాళ్లకు, మేకలు కాసేవాళ్లకు తెలుసు. వారి మాట విందాం.

నీళ్లు పడగానే చప్పట్లు కొట్టకుండా ముందు పరీక్ష చేయిద్దాం. కంటికి తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు, పెద్దల ఎముకలు పాడవుతాయి. నల్లగొండ జిల్లా వంగిపోయిన నడుములతో ఆ పాఠం మనందరికీ చెప్పింది. మరుగుదొడ్డి గుంతకు దూరంగా వేయిద్దాం. చుట్టూ దిమ్మె కట్టి, కారిన నీరు నిలవకుండా కాలువ తీసి, దాన్ని ఇంకుడు గుంతకు మళ్లిద్దాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఖర్చులో ఐదోవంతైనా పక్కన పెట్టి, పది ఏళ్ల మరమ్మతుకు దాచుదాం. ఊళ్లోనే ఇద్దరికి, వీలైతే ఇద్దరు అక్కచెల్లెళ్లకు, పంపు విప్పి బిగించడం నేర్పిద్దాం. ఈ పనికి మన దగ్గర లేని మనుషులు లేరు. రోజూ భూమి అడుగున పంపులు నడిపే ఖలాసీలు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు మన సంఘాల్లో వరుసలకు వరుసలు కూర్చుంటారు. ఆదివారం ఆరాధనలో వారిని పాట పాడమని అడుగుతాం, చందా ఇవ్వమని అడుగుతాం. వారి చేతి విద్యను ప్రభువు పనికి ఇవ్వమని మేము ఏనాడైనా అడిగామా? బొగ్గు బాయి నుంచి నీళ్లు తోడిన చేతులు నీళ్ల బాయిని బతికించగలవు. రిటైరైన అన్నలు నెలకు ఒక పూట ఒక పల్లెకు ఇస్తే చాలు.

ఈ మాటలు ఇతరులకు చెప్పి ఊరుకోవడం మాకు తగదు. మేము చూసిన ఆ పంపు ఇంకా అలాగే ఉంది. ఈ సంచిక మీ చేతికి చేరిన తరువాతి శనివారం, మా సంఘంలోని ఇద్దరు ఫిట్టర్లతో కలిసి అక్కడికి వెళ్లాలని తీర్మానించుకున్నాం. హ్యాండిల్, చైను, వాషర్లు కొన్నాం. బోరులో నీళ్లుంటే పంపు ఆడుతుంది. లేకపోతే వాగు పక్కన పాత బావి ఒకటి ఉందని ఆ పెద్దమ్మ చెప్పింది, దాన్ని చూస్తాం. ఫలకం మీద పేరు చెరిపేయించాలా అని ఒకరు అడిగారు. ఉండనిద్దామన్నాం. పేరు ఉన్నంత కాలం ఆ బాధ్యత కూడా మన మీద ఉంటుంది.

కాటన్ ఆనకట్ట పునాదిలో దిగిన బావులు ఇవాళ ఎవరికీ కనిపించవు. నీళ్ల కింద, ఇసుక కింద ఉండి అవి పైనున్న బరువంతా మోశాయి. దేవుడు మన సంఘాలకు అలాంటి ఓర్పునిచ్చి, ఆ పెద్దమ్మ ఈ ఎండాకాలం చెలిమ దాకా నడవకుండా ఇంటి ముందే కడవ నింపుకునేలా మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.